సిల్కీ పిల్లల్ని ‘జత’ అని అమ్మితే నమ్మకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్ వ్యవసాయ పేజీలో ఇంటి దగ్గర ఫ్యాన్సీ కోళ్లు పెంచుకునే ఆడవాళ్ల గురించి రాశారు. మంచి విషయమే రాశారు. కానీ అందులో సిల్కీ కోళ్ల (ఈకలకు బదులు ఒళ్లంతా మెత్తని బొచ్చులా ఉండే ఫ్యాన్సీ కోళ్లు) గురించి ఒక చిన్న బాక్స్ కట్టి, నెల పిల్లల్లోనే పుంజునూ పెట్టనూ గుర్తుపట్టి జతగా కొనుక్కోవచ్చని వేశారు. రెక్క ఈకలు పొడుగ్గా ఉంటే పెట్ట అట, తల మీద కుచ్చు గుండ్రంగా ఉంటే పెట్ట అట. నేను కల్వకుర్తి దగ్గరి పల్లెలో నాటు కోళ్లతో పాటు సిల్కీలను చాలా ఏళ్లుగా పెంచుతున్నాను, పిల్లలు కూడా అమ్ముతాను. ఆ బాక్స్‌లోని మాటలు సిల్కీ పిల్లలకు పనికిరావు. నెల పిల్లను చూసి ఇది పుంజు, ఇది పెట్ట అని ఖాయంగా చెప్పగలిగిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. అయినా అలా చెప్పి అమ్మేవాళ్లు మా వైపు పెరిగిపోతున్నారు. ఇప్పుడు పేపర్‌లో కూడా వచ్చిందంటే వాళ్ల మాటకు ముద్ర వేసినట్టే. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

దీనివల్ల ఎవరికి నష్టమో ముందు చెప్పాలి. మా ఊళ్లో ఒక అమ్మాయి మహిళా సంఘంలో అప్పు తీసుకుని సిల్కీలు పెట్టుకుంది. మెషిన్ మీద జాకెట్లు కుడుతూ, పక్కన కోళ్లతో నెలకు ఇంత వస్తే పిల్లల ఫీజులకు ఆసరా అవుతుందని ఆమె ఆశ. పట్నం నుంచి వ్యాన్‌లో పిల్లల్ని తెచ్చి అంగడిలో అమ్మే ఒకతని దగ్గర ఐదు జతలు కొన్నది. జత రెండువేలు. అతను ఒక్కో పిల్లనూ రెక్క విప్పి చూపించి, పెట్ట అన్నదానికి కాలికి ఎర్ర దారం, పుంజు అన్నదానికి నల్ల దారం కట్టి ఇచ్చాడు. దారాలు చూసుకుంటూనే ఆమె దాణా పెట్టింది, గంపలు కొన్నది, వానకు తడవకుండా రేకులు వేయించింది. ఐదో నెల దాటాక ఒకరోజు పొద్దున్నే మా ఇంటికొచ్చింది. “పెద్దమ్మా, ఎర్ర దారం కట్టినయి పెట్టలన్నరు గదా, గవి తెల్లారంగనే కూస్తున్నయి” అన్నది. పోయి చూస్తే పదింట్లో ఏడు పుంజులు, మూడు పెట్టలు. ఏడు పుంజులు ఒకే దొడ్లో ఉంటే అవి కొట్టుకోకుండా ఉండవు. ఉన్న మూడు పెట్టల వీపుల మీద బొచ్చు ఊడి తోలు కనబడుతోంది. గుడ్లు లేవు, పిల్లలు లేవు, సంఘంలో మాత్రం కిస్తీ నెలనెలా కట్టాలి. అమ్మినతనికి ఫోన్ చేస్తే పెట్టలే ఇచ్చాను, నువ్వే మార్చుకున్నావని అన్నాడట.

ఇది ఒక్క ఆమె కథ కాదు. దేవరకొండ నుంచి, అచ్చంపేట నుంచి, జడ్చర్ల నుంచి కూడా ఇవే మాటలతో నాకు ఫోన్లు వస్తాయి. ఫొటో పంపి “అక్కా, ఇది పెట్టేనా?” అని అడుగుతారు. మూడు నెలల లోపు పిల్ల అయితే నా దగ్గర సమాధానం ఉండదు. తెలియదని చెబితే చాలామందికి నమ్మకం కలగదు, అంగడిలో అతను చెప్పాడు గదా అంటారు.

సిల్కీలో ఎందుకు తెలియదో వివరంగా చెబుతాను. మన నాటు కోడి పిల్లల్లో ఆరేడు వారాలకే తేడా పట్టుకోవచ్చు. పుంజు పిల్లకు తురాయి ముందే లేచి ఎర్రబడుతుంది, గడ్డం కింద తోలు దిగుతుంది, కాళ్లు లావుగా ఉంటాయి. మూడో నెలకు మెడ మీదా తోక మొదట్లోనూ మొనదేలిన మెరిసే ఈకలు వస్తాయి. పెట్టకు ఆ చోట ఈక మొన గుండ్రంగా ఉంటుంది. మా అత్తమ్మ చూపు ఆనని రోజుల్లో కూడా మెడ ఈకను వేళ్లతో తడిమి చెప్పేది. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ పిల్లల్లో కూడా ఈ గుర్తులు పనిచేస్తాయి.

సిల్కీలో ఈ గుర్తులన్నీ దాగిపోతాయి. మామూలు ఈకకు నడుమ కాడ, కాడకు రెండు వైపులా పోగులు, ఆ పోగులను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే సన్నని కొక్కేలు ఉంటాయి. కంటికి కనబడని ఆ కొక్కేల వల్లే ఈక ఒక రేకులా నిలబడుతుంది. సిల్కీకి ఆ కొక్కేలు ఉండవు, పుట్టుకతోనే ఉన్న జన్యువు తేడా అది. అందుకే పోగులు విడివిడిగా పడి ఒళ్లంతా బొచ్చులా ఉంటుంది, ఎగరలేదు, వానలో తడిస్తే నీళ్లు జారిపోక ఒళ్లంతా ముద్దయిపోతుంది. మొనదేలిన ఈక, మెరిసే ఈక అని చూద్దామంటే చూడ్డానికి రేకే లేదు. ఇక రంగు. సిల్కీ తోలు, ఎముక కూడా నల్లగానే ఉంటాయి. తురాయి ఎర్రబడాల్సిన వయసులో ముదురు ఊదా రంగుకు తిరుగుతుంది. రక్తం పట్టిందా లేదా అన్నది ఆ నలుపులో కలిసిపోతుంది. దానికి తోడు తల మీది కుచ్చు తురాయిని కప్పేస్తుంది. గడ్డం ఉన్న రకంలో కింద వేలాడే తోలు కూడా చిన్నగా ఉండి గడ్డంలో మునిగిపోతుంది. ఇన్ని తెరలు ఉన్న పిల్లను నెల వయసులో చూసి ఆడో మగో చెప్పడం ఎలా కుదురుతుంది?

కడక్‌నాథ్ కూడా నల్లదే కదా, దాంట్లో తెలుస్తుంది కదా అని కొందరు అడుగుతారు. మధ్యప్రదేశ్ ఝాబువా వైపు పుట్టిన ఆ కోడికి ఈకలు మామూలు ఈకలే, తురాయి కూడా రంపం పళ్లతో నిలువుగా లేస్తుంది. రంగు నల్లదైనా ఆకారం కనబడుతుంది. సిల్కీ తురాయి ముడతలు పడి తలకు అతుక్కుని ఉంటుంది.

ఇంకో మాట తరచూ వింటాను. గుడ్ల కోసం పెంచే లేయర్ ఫారాలకు వచ్చే పిల్లలన్నీ పెట్టలే కదా, హ్యాచరీ వాళ్లు ఒకరోజు పిల్లలోనే ఎలా చెబుతున్నారు అని. న్యాయమైన ప్రశ్న. గోధుమరంగు గుడ్లు పెట్టే లేయర్లలో తల్లిదండ్రులను ఎంచి కలుపుతారు, దాంతో పుట్టగానే పెట్ట పిల్ల గోధుమ రంగులో, పుంజు పిల్ల తెల్లటి నూగుతో వస్తుంది. తెల్ల లేయర్లలో కొన్నింటికి రెక్క చూస్తారు. రెక్క విప్పితే రెండు వరుసల్లో ఈక మొలకలు కనబడతాయి. కింది వరుస పొడుగ్గా, పైవరుస పొట్టిగా ఉంటే పెట్ట, రెండూ సమానంగా ఉంటే పుంజు. కానీ తండ్రి ఈక తొందరగా వచ్చే జాతి, తల్లి ఈక నిదానంగా వచ్చే జాతి అయినప్పుడే ఈ లెక్క నిలుస్తుంది. అట్లాంటి తల్లి, తండ్రి వరుసలను తరతరాలుగా విడిగా పెంచి కాపాడుకుంటారు. మన దగ్గర అమ్మే సిల్కీలను ఎవరూ అలా ఎంచి కలపలేదు. అంగడిలో రెక్క విప్పి చూపించేది ఆ హ్యాచరీ పద్ధతినే, దానికి సంబంధం లేని పిల్ల మీద. మీ బాక్స్‌లో వచ్చిందీ అదే.

జపాన్ వాళ్లు 1920ల్లో కనిపెట్టిన ఇంకో పద్ధతి ఉంది. ఒకరోజు పిల్ల మలద్వారాన్ని మెల్లగా తెరిచి లోపల ఉండే చిన్న బుడిపెను చూస్తారు. ఏళ్ల తరబడి శిక్షణ పొందినవాళ్లు చేసే పని అది. పుంజు పిల్లలన్నింటికీ బుడిపె ఒకేలా ఉండదు, కొన్ని పెట్ట పిల్లలకు కూడా కాస్త ఉంటుంది. పిడికిట్లో పట్టేంత సిల్కీ పిల్లను యూట్యూబ్ చూసి ఇంట్లో అలా నొక్కితే పేగు బయటికి వచ్చి చచ్చిపోవచ్చు. దయచేసి ఎవరూ ప్రయత్నించకండి.

ఊళ్లల్లో నమ్మకాలు కూడా ఉన్నాయి. మొన ఉన్న గుడ్డు పొదిగితే పుంజు, గుండ్రటి గుడ్డయితే పెట్ట అంటారు. సూదికి దారం కట్టి పిల్ల మీద వేలాడదీస్తే గుండ్రంగా తిరిగితే పెట్ట అంటారు. కాళ్లు పట్టి తలకిందులు చేస్తే తల ఎత్తేది పుంజు అంటారు. గుడ్డు ఆకారం ఆ పెట్ట ఒంటి తీరును బట్టి వస్తుంది, లోపలి పిల్లతో దానికి సంబంధం లేదు. పెంకు ఏర్పడకముందే పిల్ల ఆడా మగా అన్నది తేలిపోయి ఉంటుంది. కోళ్లలో దాన్ని తేల్చేది తల్లి. ఆడా మగా తేల్చే క్రోమోజోమ్‌ను (జన్యువులు ఉండే పోగును) పుంజు ఎప్పుడూ ఒకే రకం ఇస్తుంది, పెట్ట మాత్రం రెండు రకాల్లో ఏదో ఒకటి ఇస్తుంది. మనుషుల్లో ఇది తండ్రి వల్ల జరుగుతుంది, అయినా ఆడపిల్ల పుడితే ఇప్పటికీ కోడలినే అంటున్నారు, ఆ బాధ వేరే ఉత్తరంలో రాస్తాను. ఇక్కడ చెప్పాల్సింది ఒక్కటే, గుడ్ల మీద గానీ పిల్లల మీద గానీ ఏం చేసినా సగం సగం అన్న లెక్క మారదు. పొదిగే వేడి మార్చినా మారదు.

మరి ఎప్పుడు తెలుస్తుంది? రెండో నెల దాటాక నేను తురాయి చూడడం మొదలుపెడతాను. పిల్లను ఒళ్లో పెట్టుకుని, ముక్కు పైన ఉన్న బొచ్చును నోటితో ఊదితే అది పక్కలకు విడిపోతుంది. ముక్కు మొదట్లో ఉండే తురాయి అప్పుడు బయటపడుతుంది. పెట్ట అయ్యేదానికి అది సన్నగా, చిన్న ముడతలా ఉండి చాలాకాలం అలాగే ఉంటుంది. పుంజు అయ్యేదానికి వెడల్పుగా, కాస్త ఉబ్బి, పైన గుంతలు గుంతలుగా మారుతూ వస్తుంది. పూర్తిగా ఎదిగిన పుంజు తురాయి మన బతుకమ్మలో పేర్చే పట్టుకుచ్చు పువ్వులా ముడతలు పడి ఊదా రంగులో ఉంటుంది. కానీ రెండో నెలలో ఈ తేడా అనుమానం మాత్రమే. తురాయి పెద్దదిగా వచ్చిన పెట్టలూ ఉంటాయి, ఏడో నెల దాకా ఏమీ చూపించని పుంజులూ ఉంటాయి.

మూడు, నాలుగు నెలల మధ్య కుచ్చు చూస్తాను. పెట్ట కుచ్చు అన్ని వైపులా సమంగా పెరిగి గుండ్రంగా నిలబడుతుంది, కళ్లు మూసుకుపోతాయి. పుంజు కుచ్చు వెనక్కి దువ్వినట్టు వాలుతుంది. వెనక వైపు నుంచి నాలుగైదు పొడుగు పోగులు మిగతా బొచ్చు దాటి మెడ మీదికి దిగుతాయి. వేళ్లతో పట్టి చూస్తే అవి మిగతా బొచ్చు కంటే కాస్త బిరుసుగా ఉంటాయి. అంగడిలో అమ్మకానికి పెట్టిన పిల్లల్లో ఈ పోగులు ఉండవు, అవి అప్పటికింకా మొలవనే లేదు. మీ బాక్స్‌లో చెప్పిన గుండ్రటి కుచ్చు నెల పిల్లలన్నింటికీ ఉంటుంది, పుంజుకైనా పెట్టకైనా.

నిలబడే తీరు, నడక కూడా కొంత చెబుతాయి. పుంజు ఛాతీ ఎత్తి నిటారుగా నిలబడుతుంది. పైన గద్ద తిరిగితే మిగతావి తడిక కిందికి దూరినా ఒకటి ఆగి తల ఎత్తి అరుస్తుంది, అది చాలాసార్లు పుంజే అవుతుంది. కానీ గుంపులో పెద్దరికం చేసే పెట్టలు కూడా ఛాతీ విరిచి ఎదురెళ్తాయి. అందుకని నడకను బట్టి ఎవరికీ మాట ఇవ్వను.

ఖాయమైన గుర్తులు రెండే, కూత, గుడ్డు. పుంజు నాలుగో నెల నుంచి ఎప్పుడైనా కూయవచ్చు, కొన్ని ఇంకా ఆలస్యం చేస్తాయి. సిల్కీ పెట్ట గుడ్డుకు వచ్చేది సాధారణంగా ఏడు నుంచి తొమ్మిది నెలల మధ్య. గుడ్డుకు దగ్గరపడిందా అని మా వైపు ఆడవాళ్లు వెనక వైపు రెండు సన్నని ఎముకల మధ్య వేళ్లు పెట్టి చూస్తారు. రెండు వేళ్లు పట్టి ఎముక మెత్తగా వంగితే గుడ్డు దగ్గర్లో ఉన్నట్టు. సిల్కీకి కూడా ఈ పద్ధతి సరిపోతుంది, కాకపోతే చిన్న కోడి కదా, వేళ్ల లెక్క కాస్త తక్కువ వేసుకోవాలి. ఈక పీకి, దాని మొదలును ల్యాబ్‌కు పంపి డీఎన్ఏ టెస్ట్ చేయించడం ఇంకో దారి. చిలకలు పెంచేవాళ్లు చేయిస్తుంటారు. అది నమ్మకమైనదే గానీ పది పిల్లలతో మొదలుపెట్టే ఇంటావిడకు ఒక్కో పిల్లకూ టెస్ట్ చేయించడం గిట్టదు.

కొనేవాళ్లకు నా సలహా ఇది. రెండు పిల్లలు కొంటే ఒకటి పుంజు, ఒకటి పెట్ట వచ్చే అవకాశం సగమే. నాలుగు సార్లలో ఒకసారి రెండూ పుంజులే వస్తాయి, ఇంకోసారి రెండూ పెట్టలే. ఒకే ఈత పిల్లలు ఆరు కొంటే అన్నీ ఒకటే కావడం 32 సార్లలో ఒకసారి మాత్రమే జరుగుతుంది. కాబట్టి ‘జత’కు పెట్టే ఎక్కువ డబ్బు పెట్టకుండా, ఆడా మగా తెలియని పిల్లల్ని మామూలు ధరకు నాలుగో ఆరో తీసుకోండి. ఆరో నెల దాకా పెంచి, మిగిలిన పుంజుల్ని అవసరం ఉన్నవాళ్లతో మార్చుకోండి. అంత ఓపిక లేకపోతే గుడ్డు పెడుతున్న పెట్టను, కూస్తున్న పుంజును ధర ఎక్కువైనా చూసి కొనండి. ఒక పుంజుకు ఆరేడు పెట్టలు ఉంటే మంద సుఖంగా ఉంటుంది.

నేను పిల్లల్ని అమ్మేటప్పుడు పుట్టిన తేదీ కాగితం మీద రాసిస్తాను, పుంజో పెట్టో తెలియదని అదే కాగితం మీద రాస్తాను. పుంజులు ఎక్కువ తేలితే తెచ్చివ్వమంటాను, నా దగ్గర పెట్ట మిగిలి ఉంటే మారుస్తాను. దీనివల్ల కొందరు నన్ను వదిలి ‘గ్యారంటీ జత’ ఇచ్చేవాళ్ల దగ్గరికి పోతారు. పోయినా సరే, తెలియనిదాన్ని తెలుసని చెప్పి అప్పు చేసిన మనిషి దగ్గర డబ్బు తీసుకోవడం నాకు చేతకాదు. అమ్మేవాళ్లంతా ఇలా కాగితం రాసిస్తే గొడవలు సగం తగ్గుతాయి. సంఘాలకు కోళ్ల మీద శిక్షణ ఇచ్చే అధికారులు కూడా ఈ ముక్క చెప్పాలి. కొక్కెర రోగానికి టీకా ఎప్పుడు వేయాలో చక్కగా చెబుతున్నారు, దాంతోపాటు ఫ్యాన్సీ కోళ్లలో ఆడా మగా ఎప్పుడు తేలుతుందో కూడా చెబితే ఎంతో మేలు.

పుంజులు ఎక్కువైన ఇళ్లల్లో వాటి గతి కూడా చూశాను. కాలనీల్లో కూతకు పక్కింటివాళ్లతో తగాదాలు వస్తాయి, సంచిలో వేసుకుపోయి చెరువు గట్టు మీద వదిలేస్తారు. ఎగరలేని కోడి, కుచ్చు కళ్లకు అడ్డం పడి పైనుంచి వచ్చేది చూడలేని కోడి, బయట ఒక్కరాత్రి కూడా బతకదు. కొందరు బొచ్చు తీసేసి నల్ల మాంసాన్ని కడక్‌నాథ్ అని అమ్ముతున్నారని మా వైపు చెప్పుకుంటున్నారు. కొనేవాళ్లు కాళ్లు చూడాలి. కడక్‌నాథ్‌కు కాలికి నాలుగు వేళ్లు, సిల్కీకి ఐదు.

ఆ అమ్మాయి పుంజుల్లో నాలుగింటిని వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పెట్టలు ఎక్కువున్నవాళ్లకు ఇప్పించాం, బదులుగా రెండు పెట్టలు వచ్చాయి. అందులో ఒకటి ఇప్పుడు గిన్నె కోడి గుడ్ల మీద పొదుగుకు కూర్చుంది. ఇరవై ఒక్క రోజులకు కాకుండా నెలకు దగ్గరగా కూర్చోవాల్సిన గుడ్లవి, అయినా కదలడం లేదు. సిల్కీ పెట్ట విలువ అది. అందుకే పెట్ట అని నమ్మించి పుంజును అంటగడితే అంత కోపం వస్తుంది.

మీకు నా విన్నపం ఒక్కటే. ఆ బాక్స్‌కు సవరణ వేయండి. సిల్కీ పిల్లల్లో నాలుగైదు నెలల లోపు ఆడా మగా ఖాయంగా చెప్పలేమని, ‘జత’ అని ఎక్కువ ధర పెట్టవద్దని రెండు వాక్యాలు చాలు. ఉత్తరాల పేజీలో కాకుండా అదే వ్యవసాయ పేజీలో, అదే ఆదివారం వేయండి. మా ఊళ్లో కోళ్లు కొనేవాళ్లు చదివేది ఆ పేజీయే.

ఇట్లు,
ఒక కోళ్ల పెంపకందారు,
కల్వకుర్తి మండలం, నాగర్‌కర్నూల్ జిల్లా